తిరగేసి గుణించు

పాలగిన్నె పొయ్యి మీద ఠంగుమన్న తీరుకే టీచరమ్మ భర్తకి సంగతి అర్థమైపోయి, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నేర్చుకున్న ఆత్మరక్షణ విద్య అదొక్కటే.

ఆవిడ కోపం కూతురి మీద. ప్రభుత్వ బళ్లలో లెక్కలూ సైన్సూ బాగుపడాలని కాలేజీ లెక్చరర్లనీ బడి టీచర్లనీ జత చేసే పథకంలో చేరింది, కాలేజీలో లెక్కలు చెప్పే ఆ పిల్ల. తీరా ఆమెకి అప్పగించిన బడి సాక్షాత్తూ తల్లి పనిచేసేదే. సోమవారం నుంచి అమ్మ క్లాసులో కూర్చోవాలి.

"వెనక బెంచీలో కూర్చుని నా తప్పులు రాసుకుంటావన్నమాట! ఈ వయసులో నాకా తలవంపులు వద్దు. ఇవాళే రిటైర్మెంట్ కాగితం ఇచ్చేస్తా."

"తప్పులు పట్టడానికి కాదమ్మా. ఇద్దరం కలిసి పాఠం తయారు చేసుకుంటాం. మొదట భిన్నాల భాగహారం."

"అందులో తయారు చేసేదేముందే? తిరగేసి గుణించమంటే సరి."

"ఎందుకు తిరగెయ్యాలి?"

టీచరమ్మ ముఖం పాలిపోయింది. ఆరో తరగతిలో, తన క్లాసులోనే, ఈ పిల్ల లేచి ఇదే ప్రశ్న అడిగింది. "చెప్పింది చెయ్, కూర్చో" అని అందరి ముందూ కసిరింది తను. ఆ ఏడాదంతా పిల్ల క్లాసులో మళ్లీ నోరు విప్పలేదు.

"అదింకా గుర్తుందా నీకు?"

"మర్చిపోతే లెక్కలెందుకు చదువుతానమ్మా?"

"నాకూ తెలీదే. తెలీదని చెప్పడానికి సిగ్గేసి కసిరాను. ఇప్పటికీ తెలీదు. అది నీ ముందు బయటపడుతుందనే రిటైరవుతానన్నాను."

కూతురికి తల్లి మీద చెప్పలేనంత జాలీ ప్రేమా కలిగాయి. నీళ్ల గిన్నె, గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. "ఇందులో మూడు లీటర్లున్నాయి. ఇది పావులీటరు గ్లాసు. ఎన్నిసార్లు తోడితే ఖాళీ అవుతుంది?"

"లీటరుకి నాలుగు. మూడింటికి పన్నెండు..." టీచరమ్మ ఆగిపోయింది. "అంటే పావుతో భాగించడమంటే నాలుగుతో గుణించడమే కదే! ఇంతోటి దానికా నీ నోరు మూయించాను?" అంటూ కూతుర్ని పట్టుకుని ఏడ్చేసింది.

"పాలు పొంగుతున్నాయి" అంది పేపరు.

సోమవారం టీచరమ్మ ఆ గిన్నె, ఆ గ్లాసు బల్ల మీద పెట్టి వెనక బెంచీ వైపు చూపించింది.

"పిల్లలూ, ఆవిడ మీ అంత ఉన్నప్పుడు నన్నో ప్రశ్న అడిగింది. నాకు తెలియక కోప్పడి కూర్చోబెట్టాను. లేమ్మా, ఇప్పుడడుగు."

కూతురు లేచి నిలబడింది. ప్రశ్న తెలుసు, జవాబూ తెలుసు. అయినా ఆరో తరగతి పిల్లలా చేతులు కట్టుకుంది.

"ఎందుకు తిరగెయ్యాలి, టీచర్?"