ముసలి కోటు

మా అక్కా నేనూ కలిసి పెట్టుకున్న కంపెనీలో యజమానులూ పనివాళ్లూ మేమిద్దరమే. కోడ్ రాయడం అక్క పని. తెర మీద ఏది ఎక్కడ ఉండాలో, ఎంత పెద్దగా ఉండాలో తేల్చడం నా పని. మేం చేసే వస్తువు పేరు 'తోడు'. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇంట్లో, తలుపు పక్కన గోడకి బిగించే తెర. మందులు గుర్తుచేస్తుంది, పిల్లలకి ఫోన్ కలుపుతుంది. మతిమరుపుతో వీధిలోకి వెళ్లి దారి తప్పేవాళ్లుంటారు కదా, వాళ్లకోసం తలుపు గడియ కూడా దాని చేతిలోనే పెట్టాం. బయటికి వెళ్లాలంటే ముందు "బాగున్నారా?" అని అడుగుతుంది. బటన్ నొక్కితే తలుపు తెరుచుకుంటుంది.

మొదట రెండు బటన్లుండేవి. 'బాగున్నాను' ఒకటి, 'బాగాలేను' ఒకటి. వాడి చూడ్డానికొచ్చిన పెద్దవాళ్లు ఒకదానికి బదులు ఇంకోటి నొక్కి తికమకపడుతున్నారని రెండోది పీకేశాను.

"మరి నిజంగానే బాగాలేకపోతే?" అంది అక్క.

"బాగాలేనివాళ్లు మంచం దిగి తలుపుదాకా ఎందుకొస్తారక్కా?"

ఆ విషయంలో నా మాటే చెల్లుతుంది.

తెరలో మాట్లాడే గొంతు మా పిన్నిది. పిన్ని గొంతు వింటే గుక్కపెట్టి ఏడ్చే పిల్లలు కూడా ఊరుకునేవారు. మేం రాసిచ్చిన వాక్యాలన్నీ ఓపిగ్గా చదివి రికార్డు చేసిచ్చింది. ఆ తర్వాత జబ్బు చేసి పోయింది. అలవాటైన గొంతు కదా అని అలాగే ఉంచేశాం. నాకైతే ఆ గొంతు వినడం ఇష్టంగానే ఉండేది.

మా దగ్గర ఒక పద్ధతుంది. తెర గీసినవాళ్లే ముసలి కోటు తొడుక్కుని, ఆఫీసులో తోడు బిగించిన గదిలోకెళ్లి తలుపేసుకుని, దాన్ని వాడి చూపించాలి. మోకాళ్లకీ మోచేతులకీ ఇసుక సంచులు కుట్టిన పొడవాటి కోటు అది. దాంతోపాటు మందపాటి చేతితొడుగులు, పచ్చగా మసకగా కనిపించే కళ్లజోడు, చెవుల్లో దూది. వయసు మీద పడితే లోకం ఎలా ఉంటుందో తెలియాలని. లోపలున్నవాళ్లు ఏం చెప్పినా బయటివాళ్లు తలుపు తీయకూడదు. పెద్దవాళ్లకి పక్కగదిలో అక్క ఉండదు కదా. నాకసలే ఓపిక తక్కువ. ఇదివరకు రెండుమూడుసార్లు కడుపునొప్పని, ఊపిరాడట్లేదని నాటకమాడి తలుపు తీయించుకున్నాను. అందుకని ఈసారి తీసేదే లేదని అక్క ముందే ఒట్టు పెట్టుకుంది.

ఆ సాయంత్రం వాన పడుతోంది. మా బుజ్జి బడి నుంచి వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చుని బొమ్మలేసుకుంటోంది. అయిదేళ్ల పిల్ల, ఆకలికి ఆగలేదు. "ఇప్పుడే వస్తా, ఇంటికెళ్దాం" అని ముద్దుపెట్టి, కోటూ అవీ తొడుక్కుని లోపలికి వెళ్లాను. గదికి కిటికీ లేదు. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక దీపం. తలుపు పక్కన తెర, పై మూల కెమెరా. మూసిన గదిలో, పిన్ని దగ్గర వచ్చేలాంటి పాత పౌడరు వాసన వేస్తోంది.

"బాగున్నారా?" అంది పిన్ని గొంతు.

నొక్కాను. తెర పట్టించుకోలేదు. మళ్లీ నొక్కాను.

"తొందరేం లేదండీ. మెల్లగా నొక్కండి."

ఆ వాక్యం నేను రాసిందే. అయినా ఒళ్లు మండింది. చేతితొడుగులు తీసి మంచం మీదికి విసిరి, ఉత్త వేలితో నొక్కాను. పట్టలేదు. పెద్దవాళ్ల వేళ్లు ఎండిపోయి ఉంటే తెర గుర్తుపట్టదని నాకు తెలుసు. నా వేళ్లకేమైంది? నాలుకతో తడిచేసి నొక్కాను. పట్టలేదు.

కళ్లజోడు తీశాను. గది పచ్చగానే ఉంది.

కళ్లు నులుముకున్నాను. అలాగే ఉంది. కోటు విప్పి కుర్చీలో కుప్పగా పడేశాను. మోకాళ్లు తేలిక కాలేదు. చెవుల్లో దూది తీశాను. వాన చప్పుడు ఇంకా దూరంగానే వినిపిస్తోంది... గొంతు మాత్రం చెవి పక్కనే ఉంది.

"ఒక్కదాన్నే ఉన్నానమ్మా. కాసేపు కూర్చో."

ఆ మాట మేం రికార్డు చేయలేదు.

"అక్కా" అంటూ తలుపు తట్టాను. "పిన్ని గొంతుతో కొత్త మాటలేమైనా పెట్టావా?"

"లేదే."

"తలుపు తియ్యి."

"మొదలెట్టావా?"

"బుజ్జి మీద ఒట్టక్కా. నాటకం కాదు. తియ్యి."

అక్క నవ్వింది. "పిల్ల మీద ఒట్లేమిటే, నోరు మూసుకో. కెమెరాలో చూస్తూనే ఉన్నాగా. కోటేసుకుని కుర్చీలో హాయిగా కూర్చున్నావు. నవ్వు కూడాను."

"నేను తలుపు దగ్గరున్నాను."

"తలుపు దగ్గర ఎవరూ లేరు."

వెనక్కి తిరగడానికి భయమేసింది. అయినా తిరిగాను.

కుప్పగా పడేసిన కోటు నిటారుగా కూర్చునుంది. గుండీలన్నీ పెట్టుకుని ఉంది. మంచం మీద ఉండాల్సిన చేతితొడుగులు ఒళ్లో ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. కాలరు పైన కళ్లజోడు... దాని వెనక ఏమీ లేదు.

అది లేచింది. సంచుల్లో ఇసుక సర్రుమంది. నాలుగడుగుల దూరానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. వెనక్కి జరిగి గోడకి అతుక్కున్నాను. నా పక్క నుంచే వెళ్లింది. పౌడరు వాసన. వెచ్చగా ఉంది. మందపాటి తొడుగు మెల్లగా తెరని తాకింది.

ఒక్కసారికే పట్టింది. తలుపు తెరుచుకుంది. బయటి వెలుగు కాళ్ల మీద పడింది. కోటు గుమ్మం దాటి వెళ్లింది. నేనూ పరిగెత్తబోయాను. మోకాళ్లు లేవలేదు. గుమ్మం అందేలోపే తలుపు మూసుకుంది.

"చూశావా, నొక్కగానే వచ్చింది" అక్క గొంతు. "అనవసరంగా ఎంత గోల చేశావో."

ఎవరో నవ్వారు. నా నవ్వే.

"బుజ్జీ!" అని అరిచాను. తలుపు బాదాను. పిడికిళ్లలో బలం లేదు. నా గొంతు నాకే పీలగా, ఎవరిదోలాగా వినిపించింది. ఏడుపు ఆగలేదు. ఈ తలుపుకి ఆవల నా పిల్ల ఉంది. ఎవరి చెయ్యో పట్టుకుని ఇంటికెళ్లబోతోంది.

చిన్న అడుగులు తలుపు దగ్గరికొచ్చి ఆగాయి.

"అమ్మా, లోపల ఎవరో ఏడుస్తున్నారు."

"పెద్దవాళ్లంతే తల్లీ" అంది నా గొంతు, ఎంతో ముద్దుగా. "కాసేపటికి అలవాటైపోతుంది."