మౌలాలీ యాంప్ మీద టీ గ్లాసు

మోయిన్ చేసిన తప్పు చాలా చిన్నది. టీ గ్లాసు పెట్టకూడని చోట పెట్టాడు, అంతే. ఆ ఒక్క గ్లాసు వల్ల పిల్లవాడికి ఎన్ని నెలలు అన్నం సయించలేదో వింటే మాత్రం ఎవరికైనా జాలేస్తుంది.

నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద, ఎరువుల కొట్ల వరస దాటాక, ఒక చిన్న రిపేరు షాపు ఉంది. అది మౌలాలీ షాపు. రేడియోలు పోయి టేపులు వచ్చినా, టేపులు పోయి సెల్లులు వచ్చినా దాని తలుపు మూసింది లేదు. మౌలాలీ తాతలు సన్నాయి వాయించినవాళ్ళు. ఆయన సన్నాయి వదిలి గిటారు పట్టాడు. ఇరవై ఏళ్ళకు పైగా కోటప్పకొండ తిరునాళ్ళలో, ప్రభల దగ్గర వేసే స్టేజీల మీద వాయించాడు. గిటారు శబ్దం పెద్దది చేసే యాంప్ కూడా కొనలేదు. పాత రేడియోల వాల్వులు, ఎక్కడెక్కడివో ట్రాన్స్‌ఫార్మర్లు ఏరుకొచ్చి తన చేత్తోనే కట్టుకున్నాడు. రెండేళ్ళ కిందట గుండె ఆగి పోయాడు. మిర్చి ధర పడిపోయి జనం ఎవరి ఏడుపులో వాళ్ళున్న ఏడు అది. చూడ్డానికి కూడా పెద్దగా ఎవరూ రాలేదు. అప్పటినుంచి కూతురు మెహ్జబీన్ ఆ షాపులోనే సెల్‌ఫోన్లు బాగుచేస్తూ తల్లి ఖైరున్నీసాను చూసుకుంటోంది.

మోయిన్‌ది సత్తెనపల్లి. పగలంతా ఒక కంప్యూటర్ సెంటర్లో జనానికి అప్లికేషన్లు నింపుతాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. ఆ సాయంత్రం ముసురు పట్టి ఉంది. పెళ్ళి కచేరీకి వచ్చినవాడికి గిటారు వైరు తెగింది. అతికించుకుందామని షాపులోకి వచ్చాడు, భుజాన లాప్‌టాప్ సంచి, చేతిలో టీ గ్లాసు. సంచి దించుకోవడానికి గ్లాసును పక్కనున్న పెట్టె మీద పెట్టాడు. పెట్టె మీద పల్చటి కుట్టుపని గుడ్డ కప్పి ఉంది.

"ఆ గ్లాసు తీయండి," అంది కౌంటరు వెనక అమ్మాయి.

"ఏ గ్లాసు?"

"మా నాన్న నెత్తిన పెట్టారే, ఆ గ్లాసు."

మోయిన్ అదిరిపడ్డాడు. మోచెయ్యి తగిలి గ్లాసు బోర్లా పడింది. మెహ్జబీన్ పొడిగుడ్డ కోసం లోపలికి పరిగెత్తింది. ఆమె వచ్చేలోగా తుడిచేద్దామని వాడు కప్పిన గుడ్డ ఎత్తి, జేబురుమాలుతో గబగబా రుద్దాడు. గుడ్డ కింద మౌలాలీ యాంప్, దాని మీద మూడు నాబ్‌లు ఉన్నాయి: సౌండు, బేసు, ట్రెబులు. రుమాలు కింద రెండు గిర్రున తిరిగాయి. ఎక్కడున్నవి ఎక్కడికి పోయాయో తెలియదు. అందాజుగా వెనక్కి తిప్పాడు.

"నాబ్‌లు ముట్టుకోలేదు కదా?" అంది ఆమె వస్తూనే.

"లేదండీ."

తిట్లు తప్పించుకోవడానికి అన్న మాట అది. ఆ తరవాత ఆమె చెప్పింది.

"మా నాన్న ఆఖరిసారి వాయించి ఎట్టా వదిలాడో అట్టాగే ఉన్నాయవి. అమ్మను కూడా చెయ్యి వేయనీయను."

మోయిన్ నోట్లో టీ రుచి చేదైపోయింది. చెప్పాల్సిన క్షణం ఒకటి ఉంటుంది, అది బస్సులాంటిది. వాడు చూస్తుండగానే వెళ్ళిపోయింది.

వైరు అతికిస్తూ ఆమే మాట కలిపింది. "మరి మీ యాంప్ ఏది?"

"ఇందులో," అని లాప్‌టాప్ సంచి తట్టాడు. "నలభై యాంపులున్నాయి, అన్నీ సాఫ్ట్‌వేరే."

"నలభయ్యా. ఈగల్లాగా ముసురుకోవూ?" అని నవ్వింది. ఆ ముసురులో, ఆ గుడ్డి దీపం కింద, ఆ నవ్వు చూసి వాడి పని అయిపోయింది. "మా నాన్నది ఉందా ఆ నలభైలో?"

"లేదండీ."

"అయితే దండగ."

వైరు బాగయ్యాక కూడా మోయిన్ వారానికోసారి ఏదో ఒకటి తెగ్గొట్టుకుని వస్తూనే ఉన్నాడు. ఛార్జరు, హెడ్‌ఫోను, చివరికి వాళ్ళ బాబాయి ఫోను కూడా. అది బాగానే ఉందని మెహ్జబీన్ చెప్పాల్సి వచ్చింది.

ఒకరోజు ఆమె దిగులుగా కూర్చుని ఉంది. ప్రతి నెలా తండ్రి పోయిన తేదీన ఆ యాంప్‌ను కాసేపు ఆన్ చేసి ఉంచడం అలవాటు. వాయించేవాళ్ళు లేరు. అది ఊరికే గుయ్యిమంటూ ఉంటుంది, ఆమె ఎదురుగా కూర్చుంటుంది. ఈసారి ట్రాన్స్‌ఫార్మరు కాలుతున్న వాసన వచ్చింది. అటువంటిదానికి రాగితీగ చుట్టే ముసలాయన చిలకలూరిపేటలో ఉండేవాడు, ఆయనా పోయాడు.

"ఇంకో రెండు సార్లు వేస్తే పోద్ది," అంది. "దీని సౌండు ఆ లాప్‌టాప్‌లో పెట్టగలరా?"

"రెండు దారులున్నాయి. ఒకటి మోడలింగు. లోపల ఏ వాల్వుంది, ఏ కెపాసిటరుంది, అన్నీ లెక్క కట్టి కంప్యూటర్లో ఆ యాంప్‌ని మళ్ళీ కట్టడం. రెండోది క్యాప్చర్. యాంప్‌లోకి ఒక పరీక్ష శబ్దం పంపితే, లోపలికి ఏం పోయింది, బయటికి ఏం వచ్చింది పోల్చుకుని కంప్యూటరే దాని గొంతు నేర్చుకుంటుంది."

"అర్థమయ్యేట్టు చెప్పండి."

"మోడలింగంటే మీ అమ్మ దగ్గర గోంగూర పచ్చడి చేయటం నేర్చుకోటం. కావాలంటే ఉప్పు తగ్గించుకోవచ్చు, కారం పెంచుకోవచ్చు. క్యాప్చరంటే మీ అమ్మ ఒకరోజు పెట్టిన పచ్చడి ఒక జాడీ తెచ్చుకోటం. ఆ రోజు ఉప్పెక్కువైతే ఎక్కువే."

"నాకు జాడీనే కావాలి."

మోయిన్ గుడ్డ కప్పిన పెట్టె వైపు చూశాడు. "మోడలింగే చేద్దామండీ. నాబ్‌లు తిప్పుకోవచ్చు."

"తిప్పాల్సిన పనేంది నాకు? ఆయన ఉంచినచోట ఉంటే చాలు."

"ఒకవేళ..."

"ఒకవేళ ఏంది? మీకు ఆ పని రాదా?"

వచ్చు. అదే తంటా.

క్యాప్చర్ చేసిన రోజు ఖైరున్నీసా ఇంట్లో లేదు, వినుకొండలో చెల్లెలి దగ్గరకు వెళ్ళింది. స్పీకరు ముందు మైకు పెట్టి, నాలుగు నిమిషాల పాటు ఏవో కీచు శబ్దాలు, ఉస్సురుమనే శబ్దాలు పంపాడు మోయిన్. కొలత ముగిసిందో లేదో సన్నటి పొగ లేచింది. గుయ్యిమనే మోత కాస్త కాస్తగా సన్నగిల్లి ఆగిపోయింది. మౌలాలీ రెండోసారి పోయినట్టయింది ఆ ఇంట్లో.

కంప్యూటరు ఆ యాంప్ గొంతు నేర్చుకోవడం పూర్తయ్యాక ఆమె హెడ్‌ఫోను పెట్టుకుంది. స్టేజీ ఎక్కే ముందు మౌలాలీ ఎప్పుడూ వాయించే చిన్న వరస ఒకటి ఆమె నేర్పగా, మోయిన్ వాయించాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

"నాన్నే," అంది. "ఇదే."

ఆ బుగ్గల మీద నీళ్ళు చూస్తూ నిజం చెప్పగల మగవాడు ఎక్కడైనా ఉంటే ఉండొచ్చు. మోయిన్ కాదు. వెళ్ళేటప్పుడు ఆమె తండ్రి సర్క్యూట్ నోట్‌బుక్ చేతిలో పెట్టింది. "చెదలు పడుతోంది, స్కాన్ చేసి ఇవ్వు," అంది. 'ఇవ్వండి' అనలేదు. ఆ ఒక్క 'ఇవ్వు' కోసం వాడు ఇంకో రెండు నెలలు అబద్ధంలోనే బతికాడు.

కార్తీకంలో తుఫాను పట్టింది. చేలల్లో పత్తి తడిసి నల్లబడింది. ఊరంతా తడిగుడ్డ వాసన. మోయిన్‌ను బస్సెక్కించడానికి మెహ్జబీన్ గొడుగు పట్టుకుని బస్టాండు దాకా వచ్చింది. కళ్ళకు కాటుక పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో ఆమెకూ తెలుసు, వాడికీ తెలుసు.

"ఏందో చెప్పాలన్నావ్. చెప్పు, బస్సొస్తే పారిపోతావ్," అంది.

"నీకు నచ్చదు."

"నచ్చుద్దో లేదో నేను చెప్తా."

"ఆ నాబ్‌లు నేను తిప్పా."

గొడుగు మీద వాన పడుతూనే ఉంది.

"ఎప్పుడు?"

"మొదటి రోజే. టీ పడ్డప్పుడు, తుడుస్తుంటే."

"నేనడిగా."

"అడిగావు."

"లేదన్నావ్."

"అన్నా."

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. "ఆ రోజు యాంప్ బతికుంది మోయిన్. చెప్పుంటే నేనే తిప్పి తిప్పి, ఆయన సౌండు ఎక్కడుందో వెతుక్కునేదాన్ని. ఇప్పుడు దేన్ని తిప్పను?"

గొడుగు వాడి చేతిలో పెట్టి వానలోనే వెళ్ళిపోయింది. కాటుక ఏమైందో వాడు చూడలేదు, చూసే ధైర్యం లేక.

ఆరు వారాలు ఆమె ఫోను ఎత్తలేదు. కంప్యూటర్ సెంటర్లో పంట నష్టం అప్లికేషన్లు నింపించుకోవడానికి రైతులు బారులు తీరారు. పోయిన ఎకరాలు, పోయిన పత్తి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పోయినవే రాసేవాడు మోయిన్. జనం వెళ్ళాక నోట్‌బుక్ తెరిచేవాడు. మౌలాలీ పెన్సిలు గీతలు చూసి, ఏ వాల్వుకు ఏది కలిపాడో తెలుసుకుంటూ, కంప్యూటర్లో ఒక్కొక్క ముక్కా కట్టుకుంటూ వచ్చాడు. ఒకచోట లెక్క తప్పనిపించింది. మూడు రోజులు తన్నుకుని చూస్తే, తప్పు మౌలాలీది కాదు, తనది.

తిరునాళ్ళకు ఇంకా నెల ఉందనగా, అదను కాని వాన ఒకటి పడింది. ఆ వానలో గొడుగు, నోట్‌బుక్, లాప్‌టాప్ పట్టుకుని షాపు ముందు నిలబడ్డాడు. గొడుగు విప్పలేదు. అది ఆమెది కదా అని తడుస్తూనే వచ్చాడు పిచ్చివాడు.

"కౌంటరు మీద పెట్టి వెళ్ళండి," అంది మెహ్జబీన్. 'అండి' మళ్ళీ వచ్చి చేరింది.

"ఇందులో మీ నాన్న యాంప్ కట్టా. నాబ్‌లు తిరుగుతాయి. అది చెప్పి పోదామని."

"నాబ్‌లా? ఎక్కడ ఉంచాలో మీకు తెలుసా? నాకు తెలుసా?"

లోపలి గుమ్మం దగ్గర ఖైరున్నీసా నిలబడి ఉంది. చేతిలో తుడుపుగుడ్డ. "కూర్చో అబ్బాయ్," అంది. కూతురు వైపు తిరిగింది. "ఏమే, ఈ పిల్లాడి మీదేనా నీ కోపమంతా?"

"ఈయనేం చేశాడో నీకు చెప్పాగా."

"చెప్పావు. చెప్పినకాడ నుంచి నాకు ముద్ద దిగటం లేదు." కాసేపు ఆ గుడ్డనే నలిపింది. "రెండేళ్ళు ఆ పెట్టె మీద దుమ్ము లేదు. ఎందుకు లేదని ఎప్పుడన్నా అనుకున్నావా?"

మెహ్జబీన్ మూలనున్న పెట్టె వైపు చూసింది.

"ప్రతి శుక్రవారం, నువ్వు కొరియరు తేవటానికి పోయినప్పుడు తుడిచేదాన్ని. ఆయన వస్తువు మీద దుమ్ము చూడలేక. నాబ్‌లు తిరిగే ఉంటాయి. ఒకసారి కాదు, వందసార్లు తిరిగుంటాయి."

"చెప్పలేదేందమ్మా?"

"దాని ముందు కూర్చుని నువ్వు అట్టా చూస్తా ఉంటే ఎట్టా చెప్పమంటావే?"

మోయిన్ తల వంచుకున్నాడు. ఆ మాట తనదే, ఇంకొకరి నోట వస్తోంది. మెహ్జబీన్ తల్లిని చూసింది, వాణ్ణి చూసింది. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక, స్టూలు మీద కూలబడి ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు. ఏడవనిచ్చారు.

ఆ తరవాత ఖైరున్నీసాయే అడిగింది. "నాకు ఒక్కసారీ వినిపించలేదు మీరు. ఆ చెవిబుట్టలు నాకొద్దు. పైకి పెట్టండి."

మోయిన్ ముందు క్యాప్చర్‌ను షాపు స్పీకరుకు కలిపి ఆ చిన్న వరస వాయించాడు. ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెట్టె అదే," అంది. "ఆ గుయ్యిమనటం కూడా అదే. కానీ ఇట్టా గుచ్చుకునేట్టు నా ముందు ఎప్పుడూ వాయించలా."

తరవాత తను కట్టిన మోడల్ పెట్టాడు.

"వెనక ఆ మోత లేదేం?"

"ఇది లెక్క ప్రకారం కట్టింది ఆంటీ. దీనికి జబ్బులుండవు."

"జబ్బు లేకుండా ఆయనెట్టా అవుతాడు?" అంది. నవ్విందో, నిట్టూర్చిందో తెలియలేదు. "సరే, అది తగ్గించు. ఆ సన్న గొంతు."

"ట్రెబులా?"

"పేరు నాకేం తెలుసు? నాకు తలనొప్పి. ఇంట్లో వాయించేటప్పుడు నా మొహం చూస్తా తగ్గించేవాడు. స్టేజీ మీద ఒకరకం, ఇంట్లో ఒకరకం, మంచు కురిస్తే ఇంకోరకం. ఆ చెయ్యి నాబ్ మీద నుంచి ఎప్పుడు తీశాడని?"

మోయిన్ చెయ్యి మౌసు మీదకు పోబోయి ఆగింది. లాప్‌టాప్‌ను మెహ్జబీన్ వైపు తిప్పాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, తెర మీద బొమ్మగా ఉన్న మూడో నాబ్‌ను పట్టుకుంది. రెండేళ్ళలో తండ్రి నాబ్‌ను ఆమె తిప్పడం అదే మొదటిసారి. వాడు వాయిస్తున్నాడు, ఆమె తల్లి మొహం చూస్తూ తిప్పుతోంది.

"ఇంకొంచెం. ఇంకా. అబ్బే, చానా తగ్గించావు, వెనక్కి రా." ఖైరున్నీసా గోడకు ఆనుకుంది. నుదుటి మీద ముడత విడిపోయింది. "ఆఁ. ఉండనీ."

ఆ ఉండనీలో ముప్పై ఏళ్ళ కాపురం ఉంది. బయట వాన సన్నబడింది. చచ్చిపోయిన యాంప్ మూలన గుడ్డ కప్పుకునే ఉంది. అది ఇక లేవదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"ఆ రోజు బస్టాండులో," అంది మెహ్జబీన్ మెల్లగా, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా, "నువ్వు చెప్పింది సగమే కదా. మిగతా సగం?"

మోయిన్ వాయించడం ఆపాడు. ఖైరున్నీసా వైపు భయంభయంగా చూశాడు. ఆమె కళ్ళు మూసుకునే ఉంది.

"నాకేం వినపడదు, మీరు చెప్పుకోండి," అంది. "ఆ నాబ్ మాత్రం ముట్టబాకండి."