భార్యల వరసలో భర్త

బ్రోచ్ గురించి మొదలైన పేచీ కాఫీలు చల్లారేసరికి పెళ్లినాటి సంగతుల దాకా పోయింది. ముచ్చటపడి తెస్తే విలువ లేదని భర్త, చర్చలకు వెళ్లేది మెరవడానికి కాదని రాయబారి అయిన భార్య. మగాడు నోరు తెరిచి అడిగితే ఆమాత్రం పెట్టుకోకూడదా అని అత్తగారు సాగదీశారు. చివరికి రాయబారి దాన్ని విసుగ్గా కోటుకు గుచ్చుకుని కారెక్కింది.

డ్రైవర్ అసలు ఉద్యోగం వేరు. అతను సీక్రెట్ ఏజెంట్. నదీజలాల ఒప్పందంలో మనం ఏ అంకె దగ్గర ఆగుతామో విదేశీ ముఠాకు చేరబోతోందనీ, ఆ రహస్యం రాయబారి ఇంట్లోంచే పోతుందనీ చీఫ్ బ్రీఫింగ్. ఆడమనిషి కాబట్టి అతను ఆమెనే అనుమానించాడు. ఆమె హ్యాండ్‌బ్యాగ్ ఎన్నిసార్లు వెతికాడో. విందుల్లో రాయబారుల భార్యల వరసలో కూర్చుని సూప్ తాగే భర్తను లెక్కలోకే తీసుకోలేదు.

ఆమె చర్చల భవనం లోపలికి వెళ్లాక, ఖరీదైన సెంటు వాసనతో ఒక అందగత్తె కారు పక్కన ఆగింది.

"వాన వచ్చేలా ఉంది."

"గొడుగు తేలేదు," అన్నాడు ఏజెంట్. కోడ్ కుదిరింది. ముఠా జీతం తింటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్ ఆమె.

"బ్రోచ్‌లో ట్రాన్స్‌మిటర్ ఉంది. ఆమె భర్తకి ఇచ్చింది నేనే."

"ఆయనకి తెలుసా?"

"తెలుసు."

"ఎంతిచ్చారు?"

"పైసా ఇవ్వలేదు. బల్ల మొదట్లో కూర్చోబెట్టి ఎక్సలెన్సీ అన్నాను. అంతకే పడిపోయాడు."

వెయిటర్ కోటు తొడుక్కుని ఏజెంట్ పరుగెత్తాడు. పక్కగదిలో రాయబారి తన బృందానికి ఆఖరి అంకె చెప్పబోతోంది. పెదవులు విడివడ్డాయి. ఏజెంట్ చేతి ట్రేలో ఉన్న కాఫీ మొత్తం ఆమె కోటు మీద పడింది. ఏజెంట్ మాట్లాడకుండా బ్రోచ్ తీసి బూటు కింద నలిపాడు. ఆమె ఆ ముక్కల్లోంచి బయటపడ్డ ట్రాన్స్‌మిటర్ వంక చూసింది. ఏడవలేదు. కోటు విప్పి, కుర్చీకి తగిలించి, అంకె చెప్పింది. సాయంత్రానికి సంతకాలయ్యాయి.

రాత్రి భోజనాల దగ్గర భర్తకీ, అత్తగారికీ, కూతురికీ వడ్డించాక రాయబారి నెమ్మదిగా అంది.

"ఇంకో మూడేళ్లు ఇక్కడే పనిచేస్తానని రాసిచ్చాను. అత్తయ్యగారూ, మీరూ అమ్మాయీ నాతోనే ఉండండి. ఆయన కోసం కింద మనుషులు వచ్చారు."

భర్త ముద్ద దించాడు. అత్తగారు కొడుకు ముఖం చూసి, కోడలి వైపు తిరిగారు.

"వాడి బట్టలు సర్దమంటావా?"

"అక్కర్లేదండీ. అక్కడ వాళ్లే ఇస్తారు."