వియత్నాం ప్రయాణానికి సుష్మ సాక్ష్యం

చింతపల్లి బజారులో దుర్గాప్రసాద్ గారి కిరాణా కొట్టు ముందు ఒక బెంచీ ఉంది. దానిమీద కూర్చునే ధర్మతేజ ఇప్పటికి పదిసార్లు వియత్నాం వెళ్లొచ్చాడు, ఫోన్‌లో. అసలు ప్రయాణం డిసెంబరులో. స్నేహితులతో కలిపి ముగ్గురు, ఎనిమిది రోజులు, రెండు బీచ్‌లు, ఒక పడవ.

తేజ పక్క వీధిలో మిరియాల వ్యాపారం చేస్తాడు. రోజూ ఒక సబ్బు కొనే వంకతో వచ్చి, మారిన ప్లాను మొదటినుంచీ చెబుతాడు. వినాల్సింది దుర్గాప్రసాద్ గారి కూతురు సుష్మ. డిగ్రీ అయ్యాక కొట్టు ఆమే చూసుకుంటోంది.

"అక్కడ ఏటుంటాయి?" అంది ఒకరోజు.

"కాఫీ తోటలు, మిరియాల పాదులు, కొండలు."

"లంబసింగి జీపెక్కు. అరగంటలో అవన్నీ వస్తాయి. పాస్‌పోర్టు కూడా అడగరు."

తేజ నవ్వి పడవ ఫొటో చూపించాడు. సుష్మ చూడలేదు. ఎనిమిది రోజుల సంగతి గంటలకొద్దీ చెప్పేవాడు, రెండేళ్లుగా చెప్పాల్సిన ఒక్క మాట చెప్పడం లేదని ఆమె కడుపుమంట. పైగా అతనికి ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని బజారంతా అనుకుంటున్నారు.

వారం తర్వాత బెంచీ మీదికి కొత్త మనిషి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. సోడా తాగి, నింపాదిగా, ధర్మతేజ ఎలాంటివాడని ఆరా తీశాడు. ఎన్నాళ్లుగా ఇక్కడుంటున్నాడు, అలవాట్లేమిటి, గొడవలేమైనా ఉన్నాయా అని.

పిల్ల తండ్రే, అనుకుంది సుష్మ. పిల్లనిచ్చే ముందు నలుగురినీ అడగనివాడెవడు? ముందు ఆమె గుండె జారింది. ఆ వెనకే నోరు లేచింది.

"మనిషి మంచోడేనండీ," అంది గొంతు తగ్గించి. "తాగినప్పుడు తప్ప."

చుక్క ముట్టని తేజకు రోజుకో సీసా అంటగట్టింది. పాడేరులో ఒక కొట్లాట కేసు కల్పించింది. అదీ చాలదేమోనని, నెలలో సగం రోజులు ఎక్కడ తిరుగుతాడో ఇంట్లోవాళ్లకే తెలియదంది. పెద్దమనిషి అన్నీ రాసుకున్నాడు, ఆమె పేరుతో సహా. కూతురంటే ఎంత ప్రేమో పాపం, అని సుష్మకు జాలి కూడా వేసింది.

నాలుగో రోజు తేజ మొహం వేలాడేసుకుని వచ్చాడు. పాస్‌పోర్టు ఆగిపోయిందట. వెరిఫికేషన్‌కి హెడ్ కానిస్టేబుల్ సన్యాసిరావు మఫ్టీలో వస్తే, ఎవరో తనను తాగుబోతన్నారట.

ఆ ఇస్త్రీ చొక్కా పిల్ల తండ్రి కాదని సుష్మకు అప్పుడు తెలిసింది. పోనీలే, ఇక్కడే ఉంటాడు కదా అని ఒక్క క్షణం సంతోషించింది. అతని మొహం చూశాక అది నిలవలేదు.

"పద స్టేషన్‌కి, బేగి," అంది.

అక్కడ తల వంచుకుని, తను చెప్పినవన్నీ అబద్ధాలేనని ఒప్పుకుంది. సన్యాసిరావు పెన్ను తీశాడు.

"మరెందుకు సెప్పావమ్మా? కారణం రాయాల."

తేజ కూడా ఆమె వైపే చూస్తున్నాడు.

"మిమ్మల్ని పిల్ల తండ్రి అనుకున్నానండీ. నేనుండగా ఈ గుంటడికి ఇంకెక్కడా సంబంధం కుదరకూడదని చెప్పాను."

సన్యాసిరావు పెన్ను మూత పెట్టేసి, ఎవరో పిలిచినట్టు లోపలికి వెళ్లిపోయాడు.

"మా ఇంట్లో అటకమీద సబ్బులు పెట్టడానికి చోటు లేదు," అన్నాడు తేజ మెల్లగా. "రెండేళ్లుగా ఎందుకు కొంటున్నాననుకున్నావు?"

పాస్‌పోర్టు వచ్చింది. అయినా డిసెంబరులో స్నేహితులిద్దరే వెళ్లారు. దుర్గాప్రసాద్ గారు మాఘమాసంలో ముహూర్తం పెట్టించారు. బెంచీ మీద వియత్నాం ప్లాను మళ్లీ మొదలైంది, ఈసారి ఇద్దరికి, పది రోజులకి. ఇక మిగిలింది సుష్మ పాస్‌పోర్టు.

ఒక ఉదయం అదే ఇస్త్రీ చొక్కా, అదే ఫైలు వచ్చి ఆ బెంచీ మీద కూర్చున్నాయి. సుష్మ సోడా ఇచ్చి, లోపలికి తప్పుకుని తలుపు వెనక చెవి పెట్టింది.

"ఈ గుంట ఎలాంటిది బాబూ?" అని సన్యాసిరావు తేజని అడిగాడు.

తేజ గొంతు తగ్గించాడు.

"మనిషి మంచిదేనండీ. నాకు సంబంధం వచ్చినప్పుడు తప్ప."