తాళం పగిలింది

"ఈ వారం నేనూ వస్తాను," అంది భార్య, జడ అల్లుకుంటూ.

మేస్త్రి చొక్కా గుండీ పెట్టుకోబోయి ఆగిపోయాడు. "నువ్వెందుకు... అక్కడ కూర్చోడానికి సరైన బెంచీలు కూడా ఉండవు," అన్నాడు.

బెంచీలు లేవని పెళ్ళాన్ని వద్దనే మగాడు ఎక్కడైనా ఉంటాడా? ఆవిడ అనుమానం రెట్టింపైంది. ఆయన జైలు నుంచి వచ్చి ఏడాదయింది. ప్రతి ఆదివారం చర్చివాళ్ళతో కలిసి, తప్పుదారి పట్టిన కుర్రాళ్ళుండే హాస్టలుకి వెళ్తాడు. వాళ్ళకి గోడ కట్టడం నేర్పుతాడు, తన బతుకు ఎలా మారిందో సాక్ష్యం చెబుతాడు. మంచిదే! కానీ ఇంట్లో ఆ జైలు ఊసెత్తితే చాలు, నోటికి తాళం పడుతుంది. లోపలున్న మూడేళ్ళూ చెరసాల పరిచర్య పేరుతో ఆయన్ని చూసి వచ్చింది పాస్టరమ్మగారే. ఆవిడకి తెలిసి, కట్టుకున్న తనకి తెలియనిదేదో ఉంది. అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఆ భూతాన్ని మేపుతున్నది ఈయన మౌనమే కదా...

మధ్యాహ్నం హాస్టలు హాల్లో చివరి వరుసలో కూర్చుంది. ముందు ఒకాయన లేచి, "తాగాను, తాగి మా అన్న తల పగలగొట్టాను," అని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత మేస్త్రి నిలబడ్డాడు.

"నేను గోడ కట్టిన గోడౌన్‌లోనే దొంగతనం జరిగింది. తాళం పగిలింది. సరుకు పోయింది. నన్ను పట్టుకున్నారు. మూడేళ్ళు లోపలున్నాను. ప్రభువు నన్ను అక్కడ పలకరించాడు."

తాళం పగిలిందా? దానంతటదే పగలడానికి అదేమన్నా కోడిగుడ్డా? గ్లాసు జారవిడిచిన పిల్లలు మాట్లాడే మాట అది. ఈ మనిషేమో గ్లాసు పగిలితే "నేనే పగలగొట్టాను" అని ముక్కలు ఏరే రకం. పాస్టరమ్మగారి వంక చూసింది. ఆవిడ తల దించుకుని ఉంది. ఇక ఆ తర్వాత పాడిన పాటల్లో ఒక్కటీ తన చెవికెక్కలేదు.

ఇంటికి నడుస్తుంటే అడిగేసింది. "తాళం ఎవరు పగలగొట్టారండీ?"

"అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు తవ్వడం?"

"కోర్టులో నేనే అన్నారుగా. ఇక్కడ ఆ మాట ఎందుకు రాలేదు?"

"జడ్జిగారి ముందు ఎలాగో చెప్పేశాను. ఆ కుర్రాళ్ళ ముందు చెప్పలేను. అబద్ధమైతే వాళ్ళు ఇట్టే పట్టేస్తారు," అని నాలుక్కరుచుకున్నాడు.

అబద్ధం! ఎవరి కోసం ఆడాడు ఆ అబద్ధం? వెనకా ముందూ ఎవరూ లేని మనిషాయన. ఉన్నదల్లా తను, తన తమ్ముడు... ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యమేసింది. అమ్మ పోయాక కన్నకొడుకులా పెంచుకుంది వాణ్ణి. "మీ బావలా తయారవకురా" అని నూరిపోసి చదివించింది. ఇప్పుడు ఆసుపత్రిలో ల్యాబ్ ఉద్యోగం చేస్తున్నాడు.

తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు, యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ.

"హాస్టల్లో మీ బావ ఆ తాళం సంగతి చెప్పారురా," అంది, ఏమీ ఎరగనట్టు.

"నా పేరు చెప్పాడా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని వినడమే గానీ, కళ్ళారా చూడటం ఆవిడకదే మొదలు. ఇస్త్రీపెట్టె కింద గుడ్డ కమురు వాసన వస్తుంటే మేస్త్రే వెళ్ళి స్విచ్ ఆపాడు.

"ఊరికే కాపలా ఉండమన్నారక్కా స్నేహితులు... చివరికి రాడ్డు నా చేతిలోనే పెట్టారు," తమ్ముడు గోడకి జారబడి ఏడ్చేశాడు. "బావ వెతుక్కుంటూ వచ్చి నన్ను గోడ దాటించాడు. తను దొరికిపోయాడు. మీ అక్కకి తెలిస్తే నేను లోపలుండీ దండగేరా అన్నాడు. రేపు నేనే స్టేషన్‌కి వెళ్తాను."

"వెళ్దువుగాని. నేనూ వస్తాను," అన్నాడు మేస్త్రి. "ముందు ఆ ముఖం కడుక్కో."

ఇన్నాళ్ళూ ఎవర్ని అనుమానించింది! దొంగ పెళ్ళామంటారని సిగ్గుపడి, మూడేళ్ళలో ఒక్కసారైనా ఆ జైలు గుమ్మం తొక్కలేదే... ఏ ముఖం పెట్టుకుని క్షమించమంటుంది? తమ్ముడు పెరట్లోకి వెళ్ళాక, భర్త పక్కన కూర్చుని కన్నీళ్ళు అలాగే కారనిచ్చింది.

"నేను వస్తానని ఎప్పుడైనా చూశారా?"

"లేదులే."

"నిజం చెప్పండి."

ఆయన తన అరచేతుల వంక చూసుకున్నాడు.

"ములాఖత్ రోజున మాత్రం పొద్దున్నే గడ్డం గీసుకుని కూర్చునేవాణ్ణి," అన్నాడు. "ప్రతిసారీ."