శనివారం బడిలో మణెమ్మ

ఏలూరు పవర్‌పేటలో నెల్సన్ మెకానిక్ షెడ్డుకు ముప్పై రెండేళ్ల పేరుంది. కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల్లో నీళ్లకు గాలి అందించే ఏరేటరు ఆగినా, డీజిల్ ఇంజను మొరాయించినా ముందు ఆయనకే ఫోన్ వచ్చేది. రెండేళ్లుగా రైతులు సోలార్‌తో తిరిగే కొత్త ఏరేటర్లు పెట్టుకుంటున్నారు. డీజిల్ ఖర్చు లేదు, చెరువు నీళ్లలో నూనె కలవదు. నెల్సన్‌కు మాత్రం పని సగానికి పడిపోయింది.

ఒక సోమవారం ఉదయం నెల్సన్ భార్య మణెమ్మ ఇడ్లీలు వడ్డిస్తుండగా కూతురు జ్యోత్స్న మెల్లగా అడిగింది.

"నాన్నా, ఈ శనివారమైనా రండి. మీలాంటివాళ్ల కోసమేగా ఆ బడి పెట్టింది."

నెల్సన్ తలెత్తలేదు. జ్యోత్స్న తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదివింది. హైదరాబాదులో మూడేళ్లు సోలార్ కంపెనీలో చేసి, ఆర్నెల్ల క్రితం ఆ ఉద్యోగం మానేసి వచ్చేసింది. ఇప్పుడు ఊళ్లో ఓ కాలేజీలో పాఠాలు చెబుతోంది. శనివారాలు మాత్రం చర్చి ఆవరణలో మూతబడిన పాత బడి తెరిచి పెద్దవాళ్లకు సోలార్ పని చెబుతోంది. అక్కడ వయసు అడగరు, ఫీజు లేదు. షరతు ఒక్కటే. నేర్చుకున్నవాళ్లు తమకొచ్చిన పని ఏదో ఒకటి తక్కినవాళ్లకు నేర్పాలి. చెరువుల మీద కాపలా ఉండేవాళ్లు, టైలర్లు, వడ్రంగులు పాతికమంది దాకా వస్తున్నారు.

"మంచి ఉద్యోగం వదిలేసి ఊరికే పాఠాలు చెబుతోందట మీ అమ్మాయి అని షెడ్డుకొచ్చిన ప్రతివాడూ నవ్వుతున్నాడు. ఇక నేను కూడా వెళ్లి బెంచీ మీద కూర్చుంటే సరిపోతుంది" అన్నాడు నెల్సన్.

"నవ్వనివ్వండి నాన్నా. మీ పని మీ చేతిలోంచి జారిపోకూడదనే నా ఆరాటం."

"యాభై తొమ్మిదేళ్లొచ్చాక నాకు పని నేర్పుతావా? నేను పట్టిన రెంచీతోనే నీ చదువయింది. అది గుర్తుంచుకో."

జ్యోత్స్న కళ్లు నీళ్లతో నిండాయి. బ్యాగు భుజాన వేసుకుని కాలేజీకి వెళ్లిపోయింది.

"అంత మాట అనకుండా ఉండాల్సిందండీ" అంది మణెమ్మ. ఇంకేదో చెప్పబోయి, ఆయన ముఖం చూసి ఊరుకుంది. రెండు రోజులు తండ్రీ కూతుళ్ల మధ్య మాటల్లేవు.

బుధవారం జ్యోత్స్న కాలేజీకి వెళ్లాక కలిదిండి నుంచి ప్రసాదరావుగారు ఫోన్ చేశారు. పాతికేళ్లుగా నెల్సన్ చేత పని చేయించుకునే రైతు ఆయన.

"చెప్పండి ప్రసాదరావుగారూ, ఇప్పుడే బయల్దేరమంటారా?" అన్నాడు నెల్సన్ ఉత్సాహంగా.

"ఏమీ అనుకోకండి నెల్సన్‌గారూ. సోలార్ ఏరేటరు ఆగిపోయిందండి. చేపలు పైకి తేలుతుంటే పాత డీజిల్ ఇంజను పెట్టి నెట్టుకొస్తున్నాం. మీ అమ్మాయికి చేస్తే కాలేజీలో ఉన్నానంది, మణెమ్మగారిని అడగమంది. మా చెరువు చూసే సూరమ్మ కూడా ఆ శనివారం బడికి వెళ్తుంది, ఆవిడ బాగా చేస్తారని చెప్పింది. ఒకసారి పంపిస్తారా?"

నెల్సన్ ఫోన్ దించి భార్యకేసి చూశాడు.

"శనివారం శనివారం ప్రార్థనకు వెళ్తున్నావనుకున్నానే."

"చర్చి ఆవరణకే వెళ్తున్నానండీ. మీరు అడగలేదు. చెబితే వద్దంటారేమోనని నేనూ చెప్పలేదు" అంది మణెమ్మ. "ముప్పై ఏళ్లు మీకు సామాన్లు అందించాను. ఆ పనేంటో నాకూ తెలుసుకోవాలనిపించింది."

ఇద్దరూ బండి మీద కైకలూరు దాటి కలిదిండి చేరారు. చెరువు గట్టున మణెమ్మ చెంగు నడుముకు దోపుకుని ముందు సోలార్ స్విచ్చి ఆపింది. కంట్రోలర్ బాక్సు విప్పి, కరెంటు కొలిచే మీటరు పెట్టి ఒక్కో వైరూ చూసింది. తేమకు తుప్పుపట్టిన కనెక్షన్ దొరికింది. శుభ్రం చేసి బిగించింది. ఎక్కడా తడబడలేదు. సూరమ్మ పక్కన నిలబడి అడిగినవన్నీ అందిస్తుంటే నెల్సన్ గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్లు ఈ మనిషితో కాపురం చేసి కూడా ఆమెలో ఇంత నేర్పు ఉందని ఎలా కనిపెట్టలేకపోయానా అనుకున్నాడు.

ఏరేటరు తిరిగింది. కానీ ఏదో గరగరమంటోంది. మణెమ్మ మళ్లీ మీటరు పెట్టి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఏవండీ, ఇది నాకు అంతుబట్టడం లేదు. మీరొకసారి వినండి."

నెల్సన్ లేచాడు. స్క్రూడ్రైవరు మొన మోటారుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"లోపలి బేరింగు పోతోంది. ఇవాళ్టికి నడుస్తుంది. రేపు నేనొచ్చి మారుస్తాను."

"ఇంత పెద్ద మోటారులో ఎలా తెలిసిందండీ?" అని సూరమ్మ అడిగితే, ఆమె చేతికే స్క్రూడ్రైవరు ఇచ్చి వినిపించాడు. ఎవరికైనా ఓపిగ్గా పని చూపించడం ఆయనకు అదే మొదలు.

ఇంటికొచ్చాక జ్యోత్స్న కోసం వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఆ రోజు నిన్ను అనరాని మాట అన్నానమ్మా. నాకు తెలిసింది చాలనుకున్నాను. చాలదేమోనన్న భయం కూడా ఉండేది. అందుకే కేకలేశాను."

"ఊరుకోండి నాన్నా" అంటూ జ్యోత్స్న ఆయన చేయి పట్టుకుంది.

శనివారం పాత బడిలో నెల్సన్ భార్య పక్కన కూర్చున్నాడు. జ్యోత్స్న బోర్డు మీద బొమ్మ గీసి, ప్యానెల్ నుంచి మోటారుకు కరెంటు ఎలా వస్తుందో చెప్పింది. అందరూ తలూపారు. నెల్సన్ కాసేపు తటపటాయించి లేచి నిలబడ్డాడు.

"టీచరుగారూ, నాకు అర్థం కాలేదండీ. మళ్లీ చెప్తారా?"

గదిలో ఎవరూ నవ్వలేదు. జ్యోత్స్న అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. బొమ్మ మొత్తం చెరిపేసి, మొదటి గీత నుంచి మళ్లీ మొదలుపెట్టింది.