మంచు కరిగిన ఆకులు

ఫ్రిజ్ పై అర తలుపు తీయగానే కుళ్ళు వాసన గుప్పున కొట్టింది. ఫ్రేహివోత్ గబుక్కున చెయ్యి లోపల పెట్టింది. మంచు లేదు. ఆకుల పొట్లాలు మెత్తగా, గోరువెచ్చగా తగిలాయి. మూడేళ్ళపాటు దిల్లా కొండల మీద ఊరూరా తిరిగి కోసుకొచ్చిన తెగులు సోకిన ఆకులు! గోడ పక్కన ఫ్రిజ్ తీగ నేలమీద పడి ఉంది.

"వదినా!" ఆ అరుపుకి తల్లీ, వదినా వంటింటి దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. "ఈ తీగ ఎందుకు పీకావ్?"

అన్న భార్య అసెలెఫెచ్ గుమ్మంలోనే ఆగిపోయింది. "నేను పీకానని ఎవరు చెప్పారమ్మాయ్?"

"పండగ వస్తోంది, మాంసం పెట్టుకోవాలి, నీ చెత్త తీసెయ్ అని రోజూ సణిగింది ఎవరు?"

"సణిగాను. ఇప్పుడూ సణుగుతాను. అంతమాత్రాన పీకేస్తానా? ఉపవాసంలో ఉన్నదాన్ని. మధ్యాహ్నం ప్రార్థన అయ్యేదాకా నేను వంటింటి మొహమే చూడను!"

ఫ్రేహివోత్ వినే స్థితిలో లేదు. తను పరిశోధన చేసే విశ్వవిద్యాలయంలో జనరేటర్ కాలిపోయినప్పుడు ఆ ఆకుల్ని ఇంటికి తెచ్చింది తనే. ఈస్టర్ ముందు ఉపవాసాల్లో మాంసం, పాలు తినరు కాబట్టి దిల్లాలో ఏ ఇంట్లోనైనా ఫ్రిజ్ ఖాళీగానే ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. ఇంతకన్నా భద్రమైన చోటు లేదనుకుంది. ఇంకాసేపట్లో నార్వే నుంచి ప్రొఫెసర్ హెల్గా వస్తోంది. ఆకులు చెడిపోకుండా ఉన్నాయని ఆమె కళ్ళారా చూస్తేనే ఒప్పందం కుదురుతుంది. ఇక్కడి విద్యార్థులు నార్వే వెళ్ళి పని నేర్చుకొస్తారు. తెగుల్ని పరీక్ష చేసే యంత్రం మాత్రం దిల్లాకే వస్తుంది, దిల్లాలోనే ఉండిపోతుంది.

"ఎవరి కాలో తగిలి ఊడి ఉంటుంది," అన్నాడు తండ్రి దెమిస్సె, గుమ్మం అవతల కుర్చీలోంచి లేవకుండానే. ఒకప్పుడు అదే విశ్వవిద్యాలయంలో పెద్ద ప్రొఫెసర్ ఆయన. "ఇల్లన్నాక మామూలే. మళ్ళీ కోసుకోవచ్చులే."

"మళ్ళీనా? తెగులు సోకిందని ఈ వానల్లో సగం తోటలు నరికేశారు నాన్నా!" ఆమె పొట్లాలు ఒక్కొక్కటే బయటికి తీసింది. అంతలోనే ఉలిక్కిపడింది. "అయ్యో, నాన్న ఇన్సులిన్ కూడా ఇందులోనేగా! పాడైపోయి ఉంటుంది. అమ్మా, వెంటనే మందుల షాపుకి ఎవర్నైనా పంపు."

"దానికేం కాలేదే," అంది తల్లి వోర్కె. "తడిగుడ్డ చుట్టి మట్టికుండలో పెట్టానుగా. ఫ్రిజ్‌లో చలి ఎక్కువైంది, బయటికి తియ్యమని నిన్న పొద్దున ఆయనే..."

మాట సగంలో ఆగిపోయింది. ఆమె నెమ్మదిగా తల తిప్పి భర్తవైపు చూసింది.

నిన్న పొద్దున మిగతావాళ్ళంతా చర్చికి వెళ్ళారు. ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి.

"నాన్నా?" ఫ్రేహివోత్ ఆయన ముందుకొచ్చి నిలబడింది. "నీ మందు పక్కకు తీయించి, తర్వాత తీగ పీకావా?"

దెమిస్సె నోట్లోంచి మాటలు ఒక్కసారిగా వచ్చేశాయి. "నల్లకాడ మొక్క తెగులుకి లొంగదని నేను నార్వేలో చదివి నిరూపించాను. నా మాట నమ్మి ఈ కొండల మీద ప్రతి రైతూ అదే నాటాడు. ఇప్పుడు నీ ఆకులేం చెబుతాయి? తెగుల్ని ఊరూరా మోసుకెళ్ళేది ఆ మొక్కేనని! నేను చదివిన చోటు నుంచే వచ్చే మనిషి ముందు నా కూతురే నిలబడి చెబుతుందా?"

"జనం రొట్టె చేసుకునేది ఆ మొక్క దుంప పిండితోనే కదా నాన్నా! అది పోతే వాళ్ళేం తింటారు?" ఆమె కళ్ళలోంచి నీళ్ళు జారాయి. "నీ ఆకులన్నీ నార్వేలోనే ఉంచేసుకుని నిన్ను ఉత్త చేతులతో పంపారని చిన్నప్పుడు నాకు చెప్పి ఏడ్చావు. ఈసారి అలా జరగనివ్వకూడదని కదా నేనింత పోరాడింది! నా పేరు వెనక నీ పేరే రాసుకుంటాను. ఈ పని అచ్చయితే నీ పేరు కూడా అచ్చయ్యేది."

వాకిట్లో కారు హారన్ మోగింది.

హెల్గా నవ్వుతూ లోపలికి వచ్చింది. వాసన తగలగానే నవ్వు ఆగిపోయింది. "ఏమైంది? కరెంటు పోయిందా?"

అవునని చెప్పెయ్యమని తల్లి కళ్ళతోనే బతిమాలింది. ఫ్రేహివోత్ తల అడ్డంగా ఊపింది. "కరెంటు ఉంది. తీగ పీకేశారు."

"ఎవరు?"

ఫ్రేహివోత్ తండ్రివైపు చూసింది. ఒక్క మాట. ఆయనంతట ఆయన ఒప్పుకుంటే చాలు, మిగతాదంతా ఇద్దరూ కలిసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఆయన నేలవైపు చూస్తూ కూర్చున్నాడు.

"నేనేనండీ," అంది అసెలెఫెచ్ ముందుకొచ్చి. "మాంసం పెట్టుకుందామని నేనే పీకాను. చదువు లేనిదాన్ని, తెలియలేదు."

హెల్గా ఆమెను ఎగాదిగా చూసింది. దెమిస్సె అప్పుడూ తల ఎత్తలేదు. కోడలు మోస్తానన్న నిందని ఆమె నెత్తినే ఉంచేశాడు. ఆకులు పాడైపోయాయని తెలిసినప్పుడు కూడా ఫ్రేహివోత్ గుండె ఇంతగా పగల్లేదు.

ఆమె వెళ్ళి వదిన చెయ్యి పట్టుకుంది. "క్షమించు వదినా. అడక్కుండానే నీ మీద నింద వేశాను."

"ఊరుకోవే పిచ్చిదానా," అసెలెఫెచ్ చెవిలో గొణిగింది. "పెద్దాయన పరువు. నన్ను చెప్పనీ."

ఫ్రేహివోత్ ఆ చెయ్యి వదల్లేదు. కళ్ళు తుడుచుకుని హెల్గావైపు తిరిగింది.

"మా వదిన అబద్ధం చెబుతోంది. తీగ పీకింది మా నాన్న."